చీవరం లాగిన బున్‌లోమక్క

మా ఊళ్ళో చాపలు నేసే ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు గాని, చాప అంటే బున్‌లోమక్క చాపే. తుంగ కోసుకొచ్చి, చీల్చి, ఎండబెట్టి, రంగు వేసి, మగ్గం ముందు కూర్చుని బద్దతో ఒక్కో పోగునూ దిగకొడుతుంటే ఆ చప్పుడు రోడ్డవతల నా షెడ్డు దాకా వినిపిస్తుంది. నా పేరు ఖంపన్. ఊళ్ళో వెల్డింగు పని నాది. ఆమె మా పెద్దనాన్న కూతురు, నాకంటే ఆరేళ్ళు పెద్దది. నోరు మంచిది కాదు. నేను చేసిన గేట్లన్నీ నాలాగే వంకరగా ఉంటాయని వచ్చేపోయేవాళ్ళకల్లా చెబుతుంది. ఆ చేతుల్లో ఎంత బలముందో ఒక రోజు పొద్దున్నే ఊరంతా చూసింది. ఆ చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆమె మొగుడు చెరకు లారీ కింద పడి చనిపోయేనాటికి కొడుక్కి తొమ్మిదేళ్ళు. వాడికి బడి రిజిస్టరులో ఏదో పెద్ద పేరు ఉంది. ఊరంతా పిలిచేది మాత్రం కొప్ అని, అంటే కప్ప. పుట్టినప్పుడు కాళ్ళు ముడుచుకుని అచ్చం అలాగే పడుకునేవాడు. పంతొమ్మిదేళ్ళకు వాడు కూడా చెరకు లారీయే ఎక్కాడు. తండ్రిని చంపిన బండి ఎక్కొద్దని అక్క ఎంత మొత్తుకున్నా వినలేదు.

చెరకు ఆడే కాలంలో చక్కెర మిల్లు గేటు ముందు లారీల వరస రెండు రోజులైనా కదలదు. డ్రైవరు కునుకు తీస్తే వెనకవాడు ముందుకు దూరతాడు. అందుకని లారీల మేస్త్రీ కాఫీతోపాటు ఎర్ర బిళ్ళ ఒకటి కొప్ చేతిలో పెట్టాడు. మా నాన్నల కాలంలో దాన్ని గుర్రం మందు అనేవాళ్ళు, మనిషి చేత గుర్రంలా పని చేయిస్తుందని. తర్వాత ప్రభుత్వమే దానికి యాబా అని పేరు మార్చింది, అంటే పిచ్చి మందు. పేరు మారినా మింగేవాళ్ళు తగ్గలేదు.

మొదటి ఏడాది అక్క ఎంత మురిసిపోయిందో చెప్పలేను. కొడుకు రెండు రోజులు కన్ను మూయకుండా బండి తోలి, ఇంటికొచ్చి మళ్ళీ పెరట్లో కట్టెలు కొడుతున్నాడని చాటుకుంది. మీవాడు తిని పడుకుంటాడు, మావాణ్ణి చూడు, అని నన్ను దెప్పింది. మూడో ఏటికి వాడు రోజుకు పది బిళ్ళలు మింగుతున్నాడు. పైకప్పులో మనుషులు దాక్కున్నారని రేకులు పీకాడు. కుక్క తనను చూసి నవ్విందని దాన్ని కాళ్ళు పట్టి నేలకేసి కొట్టి చంపాడు. మగ్గానికి నిప్పు పెట్టాడు, మేం ఆర్పేసరికి వంటిల్లు కూడా సగం కాలింది. తర్వాత తల్లి వంతు వచ్చింది. వాడు కుడిచెవి మీద కొట్టిన దెబ్బకు ఆమెకు ఆ చెవి పోయింది. మరో వారం ముందుపళ్ళు రెండు పోయాయి. ఎవరడిగినా బాత్రూంలో జారిపడ్డానని చెప్పేది. అన్నిసార్లు జారడానికి బాత్రూంలో నూనె పోసుకుంటున్నావా అని ఒకసారి అడిగాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

ఆరోగ్య కేంద్రం నర్సు రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పింది. పక్క జిల్లాలో చికిత్సా కేంద్రం ఉంది, నాలుగు నెలలు అక్కడే ఉండాలి, ఇంటి దగ్గర ఉంటే ఇది తగ్గేది కాదు, అని. అక్క రెండుసార్లూ ఆమెకు బొప్పాయి పచ్చడి పెట్టి, తియ్యగా మాట్లాడి సాగనంపింది. అక్కడ గొలుసులేస్తారని, కొడతారని, పోయినవాళ్ళు తిరిగి రారని ఎవరో చెప్పగా నమ్మింది. పరాయివాళ్ళ చేతిలో కొడుకును పెట్టడం ఆమె వల్ల కాలేదు. అప్పుడు మావాళ్ళు మాత్రమే చేయగల తప్పు మేం చేశాం. వాడికి గుండు చేయించి, భిక్షువుల కాషాయపు బట్ట, చీవరం కట్టించి భిక్షువును చేశాం. చీవరం ఒంటి మీద పడితే పిచ్చి దానంతటదే దిగుతుందని, తల్లికి పుణ్యం దక్కుతుందని ఊరంతా అంది. అందరికంటే ముందు అన్నవాణ్ణి నేనే.

డప్పులు కొడుతూ, వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని, ఆడుతూ విహారానికి తీసుకెళ్ళాం. అక్క ఆ రోజు బంగారు రంగు పట్టు కట్టుకుని, రెండు పళ్ళు లేని నోటితో నవ్వుతూ చిందులేసింది. ఆ సాయంత్రం నుంచి ఆమె కొడుకును ముట్టుకోకూడదు. భిక్షువును ఆడది తాకకూడదు, తల్లయినా సరే. రోజూ పొద్దున రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వాడి పాత్రలో జిగురన్నం ముద్ద వేసి, తలవంచి దండం పెట్టేది. వాడి ముఖంలోకి కూడా చూసేది కాదు.

మూడో వారంలో వాడి లారీ స్నేహితుడొకడు మా వరసలో కూర్చుని భిక్ష వేయడం మొదలుపెట్టాడు. ఆకులో చుట్టిన అన్నం తెచ్చి భక్తిగా వేసేవాడు. వీడికి కూడా బుద్ధి వచ్చిందే అని మేం సంతోషించాం. ఆ అన్నం ముద్ద మధ్యలో ఎర్ర బిళ్ళలున్నాయని తర్వాత తెలిసింది.

ఆ పొద్దున పెద్ద భిక్షువు ముందు నడుస్తున్నాడు, కొప్ వెనక. అక్క ఇంటి ముందుకు రాగానే కొప్ ఆగిపోయాడు. అయిదు రోజులుగా నిద్ర లేని కళ్ళు. భిక్షాపాత్రను రెండు చేతులా ఎత్తి పెద్దాయన తల మీద కొట్టాడు. రెండో దెబ్బకు గుండు మీద చర్మం చీలింది. ముసలాయన బోర్లా పడ్డాడు, చుట్టూ అన్నం ముద్దలు, నెత్తురు. కొప్ పక్కనే ఆపి ఉన్న మోటారుసైకిలుకు పక్కన తగిలించిన తొట్టిలోంచి చెరకు కత్తి లాగాడు.

అక్కడ మగవాళ్ళం పదిహేనుమందిమి ఉన్నాం. ఒక్కడు కూడా వాడి మీద చెయ్యి వేయలేదు. చీవరం కట్టినవాణ్ణి ఎలా పట్టుకుంటాం? వాడు కత్తి తిప్పుతుంటే మేం చేతులు జోడించి, వద్దు స్వామీ, వద్దు స్వామీ అంటూ వెనక్కి జరిగాం. నేను జోడించిన చేతులతోనే ఎడమ భుజం మీద వేటు తిన్నాను. కత్తి ఎముక దాకా దిగింది. అప్పుడు కూడా నా చేతులు విడిపడలేదు. తలచుకుంటే నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

వాడు తల్లివైపు తిరిగాడు.

"నువ్వు మా అమ్మవి కావు," అన్నాడు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "మా అమ్మ మొహం తగిలించుకున్నావు. తీసెయ్. నువ్వు తియ్యకపోతే నేను తీస్తా."

అక్క అన్నం బుట్టకు మూత పెట్టి పక్కన ఉంచింది. లేచి ఎదురెళ్ళి వాడి భుజం మీది చీవరాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. వాడు గిర్రున తిరిగాడు. కత్తి ఆమె మోచేతి కింద చీరేసింది. ఆమె వదల్లేదు. బట్టంతా ఊడి చేతికి వచ్చేదాకా లాగి, దాన్ని రోడ్డు మీద పడేసి, కంచెకు ఆనించి ఉన్న కావడి బద్ద అందుకుంది. మగ్గం మీద పోగును దిగకొట్టినట్టే, గురి చూసి, వాడి కుడి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. కత్తి జారిపోయింది. రెండో దెబ్బ మోకాళ్ళ మీద. వాడు కూలబడ్డాడు.

చీవరం పోయింది, ఇక వాడు భిక్షువు కాడు. అంతే, మాకందరికీ ఎక్కడలేని ధైర్యం వచ్చింది. పదిహేనుమందిమీ మీద పడ్డాం. చెయ్యి విరిగి కింద పడి ఉన్నవాణ్ణి ముఖం మీద, పొట్టలో, వీపు మీద తన్నాం. నేను పక్కటెముకల్లో తన్నాను, ఎన్నిసార్లో తెలియదు. నా భుజం నుంచి కారే నెత్తురు వాడి మీద పడుతుంటే ఇంకా కసిగా తన్నాను. అక్క వాడి మీద పడి, తన ఒళ్ళంతా కప్పి పడుకుంది. ఎవరిదో కాలు ఆమె వీపుకు తగిలింది. అది నాదేనని ఇవాళ ఒప్పుకుంటున్నాను.

ఆమె తల తిప్పి మమ్మల్ని చూసింది. "నా పని నేను చేశాను," అంది. "మీరు పోయి దండాలు పెట్టుకోండి."

జిల్లా ఆసుపత్రిలో వాణ్ణి మంచానికి కట్టేశారు. మూడు రోజులు అరిచాడు, నాలుగు రోజులు నిద్రపోయాడు. చేతికి పట్టీ వేశారు, రెండు పక్కటెముకలు విరిగాయన్నారు. ఈలోగా ఊరిపెద్ద నా షెడ్డుకొచ్చి, వాడు తిరిగొస్తే బోనులో ఉండాల్సిందే అన్నాడు. బిళ్ళలతో పిచ్చెక్కినవాళ్ళను ఇంట్లోనే పెట్టి తాళం వేయడానికి, చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి ఇనప బోన్లు నేనే మూడు చేశాను. మంచం, మరుగుదొడ్డి, అన్నం పళ్ళెం దూరే సందు. కొలతలు నాకు కంఠతా వచ్చు. వాడి పక్కటెముకలు విరిచిన పాపానికి ఊచల డబ్బు తీసుకోనన్నాను.

అక్క వెంటనే సరే అంది. భిక్షువు మీద చెయ్యి చేసుకున్న పాపం తనను వదలదని, వాణ్ణి కళ్ళముందు పెట్టుకుని చచ్చేదాకా సేవ చేస్తే తప్ప అది తీరదని ఆమె లెక్క. తలకు పద్నాలుగు కుట్లు పడ్డ పెద్ద భిక్షువే ఆమె ఇంటి ముందుకొచ్చి నిలబడి, జబ్బు మనిషికి బట్టలు మార్చావు, అంతకుమించి ఏం చేయలేదు, అన్నాడు. ఆమె దండం పెట్టింది గాని నమ్మలేదు.

పదమూడో రోజు నా బండిలో ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. బోనుకు ఒక్క తలుపు బిగించడమే మిగిలింది. అక్కడి నర్సు బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి ఇంటికి తీసుకుపోవడానికి తల్లి సంతకం చేసేది. రెండోది నాలుగు నెలలు కేంద్రంలో ఉండటానికి, అది వాడే చేయాలి. అక్కడ గొలుసులు లేవు, తాళాలున్నాయి, మొదటి నెల చూడనివ్వరు, తర్వాత ఆదివారాలు వెళ్ళొచ్చు, అని చెప్పింది. ఇంటికి తీసుకుపోతే నెల తిరగకముందే మళ్ళీ బిళ్ళ దొరుకుతుంది, ఈసారి మీ చేతికి కావడి బద్ద అందకపోవచ్చు, అని కూడా అంది. అక్క మొదటి కాగితం తన వైపు లాక్కుంది. ఇంటి దగ్గర గది చేయించానని, బల్ల పక్కన కూర్చున్న కొడుక్కి చెప్పింది, ఫ్యాను కూడా పెట్టిస్తానంది.

కొప్ నన్ను చూశాడు. చిక్కి సగమయ్యాడు. వాడి కళ్ళు మామూలుగా ఉండటం నేను చూసి రెండేళ్ళయింది.

"మావయ్యా, ఊచలెంత మందం?"

"పన్నెండు ఎం.ఎం."

"పర్లేదు, గట్టివే. వంకర లేకుండా చేశావా?" అని కొంచెం నవ్వి, తల్లివైపు తిరిగాడు. "తాళంచెవి ఎవరి దగ్గరుంటదమ్మా?"

"నా దగ్గరే. మొలకి కట్టుకుంటా. ఎవరికీ ఇవ్వను."

"నేను ఏడిస్తే?"

ఆమె ముందున్న కాగితం అంచును మడిచింది.

"కడుపులో నొప్పంటే? అమ్మా అని పిలిస్తే?"

ఆమె చేతికున్న కట్టును చూసుకుంటూ కూర్చుంది.

"తీస్తావు," అన్నాడు. "ఇక్కడ కూర్చుంటేనే నాకు తెలుస్తోంది. బోను లోపలున్నోడికి ఇంకా బాగా తెలుస్తది. నువ్వు తాళం తీసిన రోజు నిన్ను చంపేస్తానమ్మా. ఆ కేంద్రంలో తాళం వేసేవాళ్ళకి నేను కొడుకుని కాను."

ఎడమచెయ్యి నర్సు ముందు చాపాడు. "కాగితం తొందరగా ఇవ్వండి. ఇప్పుడెవడైనా బిళ్ళ చూపిస్తే దీన్ని నమిలి మింగేస్తా."

కుడిచెయ్యి పట్టీలో ఉంది కనుక ఎడమచేత్తో, వంకర అక్షరాలతో, బడిలో తప్ప ఎక్కడా వాడని ఆ పెద్ద పేరు రాశాడు. నర్సు పట్టుకోబోతే వద్దన్నాడు. అక్క కొంగు నుంచి తెల్లదారం తీసింది. పెద్ద భిక్షువు రక్షగా మంత్రించి ఇచ్చాడట. దాన్ని వాడి ఎడమ మణికట్టుకు కట్టబోతే రెండుసార్లు ముడి జారింది. చీవరం కట్టిన రోజు నుంచి వాణ్ణి కొట్టడానికి, కాపాడటానికి తప్ప ముట్టుకోలేదు. మూడోసారి ముడి పడ్డాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. వ్యాను వచ్చింది, వాడే మెల్లగా విడిపించుకున్నాడు.

తిరిగొస్తుంటే అక్క మిల్లు దాటాక, వినపడే చెవి నా వైపు తిప్పి అడిగింది.

"నిజంగా తీసేదాన్నంటావా?"

ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక, ఓ వారం ఆగేదానివేమో అన్నాను.

ఆమె మొలకు కట్టుకున్న దారం విప్పి అరచేతిలో పెట్టి చూపించింది. కొత్త తాళానివి, రెండు చెవులు.

"రెండోది వాడి దిండులో కుట్టేద్దామనుకున్నాన్రా," అంది. "రాత్రిపూట ఇంటికి నిప్పంటుకుంటే వాడెలా బయటికొస్తాడు?"

నేను బండి పక్కకు ఆపాను. ఆమె ఏడుస్తున్నంతసేపూ అక్కడే కూర్చున్నాం.