పల్లికాయ అంచుకు తాళం

ఆ రోజుల్లో గద్వాలలో మా మేనమామ ఉండే సందులో కిటికీ అన్నది మూసుకోవడానికి పెట్టుకునేది కాదు. ఆ సందులో అన్నీ మగ్గాల ఇళ్లే. మగ్గానికి పొద్దు వెలుగు కావాలి, కాబట్టి మగ్గం గుంట ఎప్పుడూ వీధి కిటికీ పక్కనే ఉండేది, కిటికీ రెక్కలు తెల్లవారి తీస్తే మళ్లీ దీపాలవేళకే మూసేవాళ్లు. దారిన పోయే ప్రతివాళ్లూ ఊచల్లోంచి ఓసారి తొంగిచూసి, “ఎంతదాంక వచ్చింది?” అని ఒక మాట పడేసి పోయేవాళ్లు. రెక్కలకు గడియ ఉండాలన్న ఆలోచన కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు, మా మామ ఇంట్లో అయితే వంగిన మేకు ఒకటి ఆ పని చేసేది. మొన్న వనపర్తిలో మా కొత్త ఇంటికి కిటికీలు బిగించడానికి వచ్చినతను తాళం ఉన్న హ్యాండిలూ, తాళం లేని హ్యాండిలూ చెరో చేతిలో పట్టుకుని, “మేడం, ఏది వెయ్యాలె? ఇంట్ల విలువైనయి ఉంటయి గదా” అని అడిగేసరికి నాకు నవ్వాగలేదు. పాపం, తన పనితనం చూసి నవ్వాననుకుని అతను నొచ్చుకున్నాడు కూడా. ఆ నవ్వు వెనక ఉన్న కథ అతనికి చెప్పే వీలు లేక మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా సైన్సు టీచరుగా చేరి, మామ ఇంట్లో ఉండేదాన్ని. మా మామకు చుట్టాల్లో ‘అనుమానం మామ’ అని పేరు. పాలవాడు పోసిన పాలను వెలుగుకు పట్టి చూసేవాడు. పెళ్లి పత్రిక ఇవ్వడానికి ఎవరైనా వస్తే, వాళ్లు పోయాక కవరు వెనకా ముందూ తిప్పి, “ఉత్తగనే వచ్చిండంటవా?” అని మా అత్తను అడిగేవాడు. అయితే ఆయన అనుమానానికి ఒక కారణం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఎంతో కష్టపడి కొత్త హంసల అంచు ఒకటి మొదలుపెడితే, ఆయన చీర మగ్గం దిగకముందే అదే అంచు ఇంకో సందులో నేసి అమ్మేశారట. అప్పటినుంచి ఆయన దృష్టిలో లోకంలో మనుషులు రెండు రకాలు, దొంగిలించినవాళ్లు, ఇంకా దొంగిలించనివాళ్లు. (నేను మూడో రకం, మేనకోడలిని.)

నా పెళ్లి కుదిరింది. పెళ్లికూతురికి మేనమామ చీర పెట్టడం మా వైపు మామూలే గానీ, మామ తన చేత్తో నేసిన చీరే, అదీ లోకంలో ఎవరూ చూడని అంచుతో పెడతానని పట్టుబట్టాడు. ఆ అంచు బొమ్మ గీసింది నేనే. మా నాన్న మగ్గం వదిలేసి పాన్‌గల్ దగ్గర పొలం కౌలుకు పట్టి పల్లి పండించేవాడు. అందుకని నేను గళ్ల కాగితం మీద పల్లితీగ గీశాను, పచ్చటి ఆకులు, ఆకుల కింద జరీలో రెండేసి పల్లికాయలు. గంధం రంగు చీర, కుంకుమ రంగు అంచు. మామ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, చుట్టచుట్టి బియ్యం డబ్బాలో దాచాడు. ఆ బొమ్మను మగ్గానికి ఎక్కించే చిల్లుల అట్టలు కొట్టించడానికి వెళ్లినప్పుడు, కొట్టేవాడి పక్కనే చివరిదాకా కూర్చుని, చిల్లుల్లోంచి రాలిన అట్టముక్కలన్నీ సంచిలో ఊడ్చుకుని తెచ్చాడట. పల్లికాయ బొమ్మ కోసం దేశంలోని దొంగలంతా పొంచి ఉన్నారని మా ఇద్దరికీ ఏమాత్రం సందేహం లేకపోయింది. మామ బతికి ఉండగా ఇంకోసారి తన అంచు పోగొట్టుకోకూడదు, నా పెళ్లిరోజున ఆ అంచు మొదటిసారి లోకానికి కనిపించాలి, అదీ మా పంతం.

నేయడానికి వెలుగు కావాలి గనక కిటికీ మాత్రం అప్పటికింకా తెరిచే ఉంది. చీర పావువంతు అయ్యేసరికి దొంగ దొరికాడు. ఎదురింటి కండక్టర్ తాత. బస్సు ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయినా, ఉతికిన చొక్కా వేసుకుని, చంకలో గొడుగుతో ఠంచనుగా మధ్యాహ్నం మా కిటికీ దగ్గరికి వచ్చేవాడు. అందరిలా “ఎంతదాంక వచ్చింది?” అనడు. ఊచల దగ్గర నిలబడి, కళ్లు చికిలించి, సరిగ్గా మగ్గం వైపు చూస్తాడు. తర్వాత ఎడమచెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకుని దేన్నో మెల్లగా తిప్పుతాడు. మళ్లీ చూస్తాడు, మళ్లీ తిప్పుతాడు. తల ఊపి, బస్టాండు వైపు వెళ్లిపోతాడు. నేను బడికి సెలవైన ఒక రోజు దీన్ని స్వయంగా గమనించాను. సైన్సు చెప్పేదాన్ని గనక ఆధారం లేకుండా ఎవరినీ అనుమానించను, ఆధారం దొరక్కపోతే దొరికేదాకా ఆలోచిస్తాను.

“మామా, చేతి గడియారాలల్ల కెమెరాలు వస్తున్నయి ఇప్పుడు. ఫోన్ల చూసిన నేను” అన్నాను.

పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె మామ చేతిలో ఆగిపోయింది. “ఆయన అల్లుడు రాయచూరుల చీరల దుకాణం వెట్టిండు, యాదికుందా నీకు?”

ఇంక ఆధారం దొరికినట్టే అనుకున్నాను. అత్త మాత్రం కండెలకు పట్టుదారం చుడుతూ తలెత్తకుండానే, “ఆ ముసలాయనకు చొక్క గుండీలే కానరావు. గుండీలు తప్పు పెట్టుకోని తిరుగుతుండు. ఆయనేం ఫొటోలు తీస్తడు?” అంది. “గుండీలు తప్పు పెట్టుకునేది మనల్ని నమ్మించేతందుకే” అన్నాడు మామ. నాకు అదీ నిజమే అనిపించింది. పరదా కట్టుకుంటే పోదా అని అత్త అడిగింది. గాలికి లేస్తుందన్నాడు మామ. ఆ సాయంత్రమే మగ్గం గది కిటికీలు రెంటికీ తాళాలు వేయాలని నిర్ణయం జరిగింది.

తాళాలు గద్వాలలో కొంటే ఎవరు ఏం తాళం కొన్నారో దుకాణంవాడికి తెలిసిపోతుందని, మమ్మల్ని ఎవరూ ఎరగని కొత్తకోటకు పోయాం. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి, కొత్తకోటలో దిగి, లారీల మధ్య పెద్ద రోడ్డు దాటి, ధాబాలు, మెకానిక్ షెడ్లు దాటాక ఒక ఇనుప సామాన్ల దుకాణం. యజమాని గడ్డం భాయ్, నెమ్మదస్తుడు, అప్పటికి మమ్మల్ని ఎరగడు. ముందు మామూలు గడియలు చూపించాడు. మామ ఒకటి తీసుకుని వేలితో ఆడించి, “ఇది సందులకెల్లి సన్న పుల్ల పెట్టి లేపితే లేస్తది” అన్నాడు. ఇంకొంచెం లావుపాటిది చూపిస్తే, మరలు బయటికి కనిపిస్తున్నాయి, విప్పుకుపోతారన్నాడు. చివరికి భాయ్ పైనుంచి ఒక అట్టపెట్టె దించి, తాళంచెవి ఉన్న హ్యాండిళ్లు తీశాడు. తిప్పితే గడియ పడుతుంది, చెవి తిప్పితే హ్యాండిల్ కదలదు.

“దీని చాబి ఇంకోదానికి పడ్తదా?” అని మామ అడిగాడు.

“పడదన్నా. కంపెనీ మాల్.”

మామ కౌంటరు మీద పెట్టెలన్నీ వరసగా తెరిపించి, ఒకదాని చెవి ఇంకోదానిలో పెట్టి చూడటం మొదలుపెట్టాడు. వెనక సిమెంటు రంగుల కోసం వచ్చినవాళ్లు నిలబడ్డారు. నేను మామ తరఫున పడినవీ పడనివీ వేరుచేస్తూ సాయం చేశాను. (ప్రయోగశాలలో కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ పనిచేయలేదు.) చివరికి ఒక చెవి వేరే హ్యాండిల్‌లో టక్కున తిరిగింది. మామ ముఖంలో ఎంత సంతోషమో, నా పెళ్లి కుదిరినప్పుడు కూడా అంత లేదు. “ఏంది భాయ్ ఇది?” అన్నాడు.

భాయ్ ఆ చెవి తీసి చూసుకుని, ఇబ్బందిగా గడ్డం నిమురుకున్నాడు. తర్వాత మామ వైపు అదోరకంగా చూశాడు. “అన్నా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. ఇంట్ల బంగారమున్నదా?”

“లేదు. బట్టలున్నయి.”

“బట్టలకా?” అన్నాడు భాయ్. వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకు వంగి విన్నారు. ఏ చెవీ ఇంకోదానికి పట్టని రెండు హ్యాండిళ్లను మామ ఏరుకుని, కాగితంలో చుట్టి నా చేతిసంచిలో అడుగున పెట్టమన్నాడు. బస్సులో మా పక్కన కూర్చున్నాయన ఏ ఊరని అడిగితే మామ మహబూబ్‌నగర్ అని చెప్పాడు. ఎర్రవల్లిలో మాతోపాటే దిగి గద్వాల బస్సెక్కిన ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

కిటికీలకు తాళాలు పడ్డాయి. తాళంచెవులు మామ మొలతాడుకు చేరాయి. మగ్గం గదిలో పొద్దస్తమానం ట్యూబులైటు, తిరుగుతూ వేడిగాలే కొట్టే ఫ్యాను. చెమట చీర మీద పడకుండా అత్త మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చునేది. “చీర నేస్తున్నమా, సారా కాస్తున్నమా?” అని అడిగేది. మేం అనుకున్నది ఒకటి, అయింది ఒకటి. తెరిచి ఉన్నన్నాళ్లూ ఎవరూ ఒక మాటకు మించి ఆగని కిటికీ, మూసేసరికి సందుకంతా పనైపోయింది. మామ మగ్గం గుంట లోతు చేస్తుంటే లంకెబిందెలు దొరికాయని ఒకరు, లేదు, దొంగనోట్లని ఒకరు. ఉప్పు కావాలని ఒకామె, జల్లెడ కావాలని ఇంకొకామె ఇంట్లోకి వచ్చి గదివైపు మెడలు చాచేవాళ్లు. రెక్కల సందులోంచి చూస్తున్నారని మామ ఆ సందులకు లోపల కాగితాలు అంటించాడు. కండక్టర్ తాత మాత్రం రోజూ వచ్చి, మూసిన కిటికీ ముందు కాసేపు నిలబడి, గొడుగు కొసతో రెక్కమీద రెండుసార్లు తట్టి, నిట్టూర్చి వెళ్లేవాడు. బడి లేని రోజుల్లో లోపల మామా నేనూ ఊపిరి బిగబట్టి ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం. దొంగకు దారి మూసుకుపోయింది.

పెళ్లి నాలుగు రోజులుందనగా చీర మగ్గం దిగింది. మామ వాకిట్లో దుప్పటి పరిపించి, వీధి తలుపు దగ్గరికి వేయించి, నా పెళ్లిచీరను ఎండలో మెల్లగా విప్పాడు. కొంత దూరం వరకు చిలకపచ్చ ఆకులు, ఒక్కొక్కటీ ఇప్పుడే మొలిచినట్టు. ఆ తర్వాత ఒకచోట గీత గీసినట్టుగా ఆకులు ముదురుపచ్చగా మారిపోయాయి, అక్కడినుంచి కొంగు దాకా అదే రంగు. మొదటి పచ్చ పట్టు అయిపోతే మామ తెచ్చిన రెండో చుట్ట రంగు వేరు. ఎండలో అయితే పసిపిల్లకు కూడా తెలిసేది, ట్యూబులైటు కింద రెండూ ఒకటే పచ్చ. నేసిందంతా నేసినట్టు చుట్టుకుపోతుంటే పక్కపక్కన పెట్టి చూసే వీలూ లేకపోయింది. మళ్లీ నేయడానికి రోజులు లేవు. మామ నేలమీద కూలబడ్డాడు. “గీడనే కిటికి మూసినం” అంది అత్త, ఆ గీత మీద వేలుపెట్టి. నాకు ఏడుపొచ్చింది. చీర పాడైనందుకు కాదు, మామ ముఖం చూడలేక.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని కండక్టర్ తాత లోపలికి వచ్చాడు. “స్వల్ప జరుగమ్మా” అని (రాయచూరు బస్సులో పనిచేసి కొన్ని కన్నడం మాటలు ఆయనకు అలాగే ఉండిపోయాయి) చీర తొక్కకుండా పక్కనుంచి నడిచి మామ ముందుకొచ్చి నిలబడ్డాడు. చాలా కోపంగా ఉన్నాడు.

“ఏమయ్యా, నీ కిటికి నువ్వు మూసుకో, నాకేం పని లేదు. ఆ గోడ గడియారం జర ఇంకో దిక్కు పెట్టరాదూ? నిన్న బస్టాండ్ల రాయచూరు బండి టైముకన్న ముందుగాల తీస్తుండని డ్రైవర్‌ను నలుగుర్ల తిట్టిన. బండి టైముకే ఎల్లింది. నా చేతిదే ఎనకవడ్డది. రోజూ ఎనకవడ్తది ఇది. నీ గడియారం చూసి సరిజేసుకుంటుంటి. ఇజ్జత్ పాయె నాది.”

మగ్గం పైన గోడకు పత్తి విత్తనాలవాళ్లు పంచిన పెద్ద గడియారం ఒకటి ఉంది. పళ్లెమంత అంకెలు. దాన్ని మేం రోజూ చూస్తూనే ఉన్నాం. తాత దేన్ని చూస్తున్నాడా అని మాత్రం ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

మామ, “తాతా, నిజం చెప్పు. మా అంచు చూసినవా నువ్వు?” అన్నాడు.

“ఏ అంచు?”

“మగ్గం మీదిది. మీ అల్లుని చీరల దుకాణానికి...”

“మా అల్లుడు దుకాణం ఎత్తేసి ఎన్నేండ్లాయె. మోటర్ సామాన్లు అమ్ముతుండు ఇప్పుడు” అని తాత కిందికి చూశాడు. కాళ్ల దగ్గర ఎండలో పరిచి ఉన్న పల్లితీగను కళ్లు చికిలించి చూసి, “ఇదేంది, చింతకాయలా?” అన్నాడు.

అత్త నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. మామ లేచి, మొలతాడు నుంచి తాళంచెవులు విప్పి, గదిలోకి వెళ్లి కిటికీలు రెండూ బార్లా తీశాడు. గడియారం మేకు పీకి, కిటికీకి ఇంకా దగ్గరగా, ఊచల్లోంచి బాగా కనిపించేచోట కొట్టాడు. తాత అక్కడే నిలబడి చేతి గడియారం సరిచేసుకుని, గొడుగు చంకలో పెట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు. జరిగినదాని గురించి మామ ఆయనతో ఎప్పుడూ ఏమీ అనలేదు, రోజూ పొద్దున గడియారం మాత్రం తుడిచేవాడు.

ఆ చీరే కట్టుకుని పెళ్లి చేసుకున్నాను. పీటల మీద కూర్చున్నప్పుడు మా నాన్న వంగి అంచును పరీక్షగా చూసి, “సగం చేనుకు నీళ్లందినయి, సగం చేనుకు అందలే” అన్నాడు. పెళ్లికొచ్చిన ఒకామె ఈ రెండు రంగుల ఆకుల అంచు కొత్తగా ఉందే, ఎట్లా నేశారని మామను మెచ్చుకోలుగా అడిగింది. “ఎందుకు అడుగుతున్నవ్?” అన్నాడు మామ.

ఇప్పుడు కండక్టర్ తాత లేడు. మామకు మగ్గం మీద కూర్చునే ఓపిక లేదు, గడియారం మాత్రం కిటికీ దగ్గరే ఉంది. గద్వాల వెళ్లినప్పుడల్లా చీరల దుకాణాల ముందు నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. హంసలున్నాయి, మామిడిపిందెలున్నాయి, రుద్రాక్షలున్నాయి. పల్లికాయ ఎక్కడా లేదు. ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు దొంగిలించలేదు. ఎవరైనా దొంగిలించి ఉంటే మామ ఎంత గర్వంగా తిట్టుకునేవాడో కదా అనిపిస్తుంది. అందుకే మొన్న ఆ కిటికీలతనికి తాళం లేని హ్యాండిళ్లే వేయమన్నాను. అతను పని ముగించి వెళ్లాక, పెట్టెలోంచి పెళ్లిచీర తీసి, గాలి తగలాలన్న వంకతో కిటికీ ఊచల మీద ఆరేశాను, అంచు వీధివైపు బాగా కనిపించేటట్టు.