ప్రార్థన నూనె

చేతులు కడుక్కోవడం విషయంలో మా పెద్దమ్మ శోభారాణికి ఉన్న పట్టుదల మా ఇళ్లల్లో పెద్ద వేళాకోళం. అంగలకుదురులో ఆమె ఇంటికి భోజనానికి వెళితే ముందు కుళాయి దగ్గరికి తోలేది. "మోచేతులదాకా రుద్దండి, కంచం ఎక్కడికీ పారిపోదులే" అనేది. తెనాలిలో ఒక ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను గాజుపెట్టెల్లో ఉంచే గదిలో, పంతొమ్మిదేళ్లు ఆయాగా చేసింది. కొత్తగా చేరిన నర్సులకు చేతులు ఎలా కడగాలో నేర్పింది కూడా ఆమే.

ఆమె ఆయా కోటు జేబులో ఎప్పుడూ ఒక చిన్న సీసా ఉండేది. అందులో ఉన్నది ఆమె పుట్టిల్లు అడవులదీవిలో, చర్చి పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె. చేతులు కడుక్కోగానే సీసాలో వేలి కొస ముంచి ప్రతి బిడ్డ నుదుటి మీదా కాస్త రాసేది. ఏ మతం వాళ్లయినా తల్లులు అడిగి మరీ రాయించుకునేవాళ్లు. డాక్టర్లకు ఈ సంగతి తెలియదు. నర్సు కరుణశ్రీకి తెలుసు కానీ చూసీ చూడనట్టు ఊరుకునేది.

పోయిన వానాకాలం బాపట్ల నుంచి వచ్చిన శ్రీజకు పుట్టిన మగబిడ్డ ఒక ఉదయం పాలు చప్పరించడం మానేశాడు. ఒళ్లు చల్లబడింది. మూడో రోజున పోయాడు. ఆ వారంలోనే మరో ముగ్గురు బిడ్డలు అలాగే వాలిపోయారు. నలుగురి రక్తంలోనూ ఒకటే క్రిమి అని పరీక్షల్లో తేలింది. డాక్టర్ జ్యోత్స్న కొత్త బిడ్డలను చేర్చుకోవడం ఆపేసింది. లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ఆ గదిలో పనిచేసేవాళ్లకు పై అంతస్తులో మంచాలు వేశారు. పెద్దమ్మకు దిగితే ఆ గది, ఎక్కితే ఆ మంచం. గదికి కిటికీ ఉన్నా దాని రెక్కలు తెరుచుకోవు. మిషన్ల కూత చెవుల్లోంచి పోయేది కాదు, అన్నం తింటున్నా వినిపిస్తూనే ఉండేది.

కుళాయిలు, పరుపులు, గొట్టాలు, అందరి వేళ్లు, అన్నింటినీ దూదితో తుడిచి పరీక్షకు పంపారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. జేబులు మాత్రం ఎవరూ వెతకలేదు.

రేపల్లె నుంచి వచ్చిన నస్రీన్ పాప మూడో పెట్టెలో ఉంది. దానికింకా ఏమీ కాలేదు. నస్రీన్ తలుపు బయట నిలబడి రోజుకు ఎనిమిదిసార్లు పాలు పిండి పంపించేది.

"ఆయమ్మా, ఇవాళ మా పాపకు నూనె రాశారా?"

"ఇంకా లేదమ్మా."

"అందరికీ రాసి మా దాన్నే మర్చిపోతారేం? మేం మసీదువాళ్లమని మీ పాస్టరుగారి నూనె అలుగుతుందా ఏంటి?"

"అలిగితే నేను బతిమాలతాలే" అని నవ్వి పెద్దమ్మ చేతులు కడుక్కుంది. సీసా తీసి మూత తిప్పబోతూ ఎందుకో వెలుతురుకేసి పట్టి చూసింది. నూనె అడుగున గోరంత మందాన తెల్లటి మడ్డినీళ్లు ఉన్నాయి.

కడిగిన చేతులు ఆరేదాకా ఆమె ఏనాడూ ఆగింది లేదు. తడి వేలి నుంచి జారిన చుక్కలన్నీ నూనె కింద చేరి నిలిచాయి. నీళ్లు నిలిచినచోటే క్రిములు పెరుగుతాయని కొత్త నర్సులకు చెప్పింది తనే. సీసా మాత్రం ఆమె లెక్కలో వస్తువు కాదు, ప్రార్థన. ప్రార్థనకు మురికి అంటుతుందని ఆమెకు తోచనే లేదు.

"ఇవాళ వద్దులేమ్మా" అని సీసా జేబులో పెట్టుకుంది.

పైకి వెళ్లి కరుణశ్రీకి చూపించింది. కరుణశ్రీ గది తలుపు దగ్గరికి వేసింది. "సింకులో పారబోసి ఊరుకో అక్కా. రాయడం మానేస్తే అదే తగ్గిపోతుంది. ఎవరు కనిపెడతారు? నీతోపాటు నన్నూ తీసేస్తారు" అంది.

పెద్దమ్మ పారబోయలేదు. అలాగని చెప్పనూ లేదు. ఒక పగలంతా ఆ సీసాతోనే తిరిగింది. మర్నాడు డాక్టరుకు తల్లుల పాల మీద అనుమానం వచ్చింది. పాలు పంపొద్దన్నారు. నస్రీన్ గిన్నె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. "నా పాలల్లో ఏముంది మేడమ్? నేను శుభ్రంగానే ఉంటున్నానండి. కావాలంటే ఇంకోసారి స్నానం చేసొస్తా" అంటోంది, అందరూ చూస్తుండగా.

పెద్దమ్మ వెళ్లి సీసాను డాక్టర్ చేతిలో పెట్టింది.

రెండు రోజులకు ఫలితం వచ్చింది. నూనెలో ఉన్నది అదే క్రిమి. జ్యోత్స్న అరవలేదు.

"ఎన్నాళ్లుగా రాస్తున్నారు?"

"చేరినప్పటి నుంచీ మేడమ్. ఎప్పుడూ ఏమీ కాలేదు."

"కాలేదో, అయినా మనకు తెలియలేదో" అంది జ్యోత్స్న.

ఆ మాట పెద్దమ్మ నాకు మూడుసార్లు చెప్పింది. పంతొమ్మిదేళ్లలో ఆ గదిలోంచి గుడ్డలో చుట్టి పంపిన ప్రతి బిడ్డనూ ఆమె మళ్లీ తలుచుకోవాల్సి వచ్చింది.

ముగ్గురు బిడ్డలూ కోలుకున్నారు. నస్రీన్ పాప రేపల్లె వెళ్లిపోయింది. పెద్దమ్మను పనిలోంచి తీసేశారు. "బాపట్లవాళ్లకు బాబు బరువు తక్కువై పోయాడని చెప్పాం. అదే ఉండనివ్వండి. మీకూ మంచిది" అని ఆఫీసువాళ్లు చెప్పి పంపారు.

ఇంటికొచ్చాక కూడా ఆమె తలుపులు వేసుకునే ఉంది. ఆదివారాలు చర్చికి పోలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లతో ఒంట్లో బాగాలేదంది. పన్నెండో రోజున బాపట్ల బస్సెక్కింది.

శ్రీజ వరండాలో కూర్చుని చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. "రండి ఆయమ్మా" అని పీట జరిపింది. పెద్దమ్మ కూర్చోకుండానే సీసా సంగతి అంతా చెప్పేసింది. "బరువు తక్కువై కాదమ్మా. నా చేతుల మీదుగానే పోయాడు" అంది.

శ్రీజ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. లోపలి నుంచి అత్తగారు రంగమ్మ "ఎవరే వచ్చింది?" అని కేకేసింది.

"ఏడో నెలలో మా అమ్మను చూడ్డానికి చేబ్రోలు బస్సెక్కాను ఆయమ్మా. ఆ కుదుపులకే బిడ్డ చెడ్డాడని మా అత్తయ్య రోజూ అంటారు. మా ఆయన అనడు, కానీ నావైపు చూడడు. నేనూ అదే అనుకుంటున్నా. ఇవాళ పొద్దున కూడా."

పెద్దమ్మ అప్పుడు పీట మీద కూర్చుంది.

"మిమ్మల్ని ఏమీ అననని కాదు. అంటాను. కడుపులో మంటగానే ఉంది. తర్వాత అంటాను." శ్రీజ లేచి చీర దులుపుకుంది. "ముందు లోపలికి రండి. ఇప్పుడు నాకు చెప్పింది మా అత్తయ్యకి చెప్పండి. మా ఆయన కూడా ఉన్నాడు. ఒక్క ముక్క తగ్గించొద్దు."

పెద్దమ్మ చెప్పులు విడిచి లోపలికి నడిచింది. రంగమ్మ తల ఎత్తి "ఏంటమ్మా?" అంది. శ్రీజ వెళ్లి భర్త ఎదురుగా, గోడకు ఆనుకుని నిలబడింది. పెద్దమ్మ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.