దగ్గితే కదిలిన చెయ్యి

నలభై దాటినవాడికి అమ్మ చేతి ముద్దలు ఏం సంబరం? నాకైతే ఒళ్లు మండేది. బైకు మీద నుంచి పడినప్పుడు మెడ దగ్గర నరాలు తెగి, కుడి చెయ్యి భుజం నుంచి వేలాడిపోయింది. వేళ్లు పనిచేస్తాయి, మోచెయ్యి వంగదు. అన్నం కలుపుతాను, ముద్ద చేస్తాను, అది కంచంలోనే ఉంటుంది. ఎడమ చేత్తో తినబోతే అమ్మ కంచం లాగేసుకునేది.

"గా చేత్తోని బువ్వ తింటవా? నేనుండంగ గదేం ఖర్మరా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

పడిన చాన్నాళ్లకు, లక్డీకాపూల్‌లో ఒక దవాఖానకు పోయాను. డాక్టరు నా జబ్బ నొక్కి చూశాడు. "ఈ కండ ఎండిపోయింది. ఇప్పుడు నరం అతికినా లాభం లేదు. తొడలోంచి ఒక కండ తీసి ఇక్కడ కుడతాం. పక్కటెముకల మధ్య ఊపిరికి పనిచేసే నరాలుంటాయి, వాటిని దీనికి కలుపుతాం. ఊపిరి గట్టిగా పీలిస్తే చెయ్యి వంగాలి," అన్నాడు.

అబిడ్స్‌లో చొక్కాలు కత్తిరించి బతికినవాణ్ని, నాకు వెంటనే అర్థమైంది. కాలరు చిరిగితే కింది మడతలోంచి గుడ్డ తీసి అతుకు వేస్తాం. కాకపోతే మా అతుకు ఆ రోజే పనికొస్తుంది. ఇక్కడ కండలోకి నరం పాకడానికి నెలలు పడుతుందట. పాకకపోవచ్చు కూడా అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక నాంపల్లి స్టేషన్ వెనుక మా కిరాయి ఇంట్లో మంచం మీద కూర్చుని, రోజూ ఊపిరి పీల్చి మోచెయ్యి వైపు చూసేవాణ్ని. అది కదిలేది కాదు. తొడ కండ చేతికి పెట్టారన్న వింతకు గల్లీ అంతా వచ్చి చూసిపోయింది. నెలలు గడిచేకొద్దీ నాకు భయం పట్టుకుంది. జీవితాంతం ఇంకొకరు తినిపిస్తే తినాలేమో, అమ్మ తర్వాత ఎవరు?

ఒక సాయంత్రం అమ్మ ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట్లో పట్టుకొచ్చింది.

"గిందరి కండ్లు వడ్డంక గా కండ ఎట్ల కదుల్తదిరా?"

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అని విసుక్కున్నాను. ఆమె వినిపించుకోకుండా నా తల చుట్టూ తిప్పి, వాటిని కాలుతున్న పెనం మీద వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు మావాళ్లు. వచ్చింది, ఇల్లంతా కమ్మేసింది. దగ్గలేక చచ్చాను. కళ్లనీళ్లతో తిడుతూ కిందికి చూసుకుంటే, దగ్గినప్పుడల్లా జబ్బలో కండ ఎగిరిపడుతోంది. ఒళ్లో ఉన్న చెయ్యి కాస్త లేచి పడుతోంది.

"అమ్మా, ఇంకో రెండెయ్యి," అన్నాను.

ఎగతాళి చేస్తున్నాననుకుని తిట్టడానికి దగ్గరికొచ్చి, తానూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఘాటొచ్చిందంటె దిష్టి లేనట్టే గదనే," అన్నాను.

"ఉండె. పోయింది," అంది.

దగ్గుకూ ఊపిరికీ పనిచేసేవి ఆ నరాలేనని డాక్టరు చెబితే అమ్మ తల ఊపింది, నమ్మలేదు. నాకు మాత్రం సాధనకు ధైర్యం వచ్చింది. ఊపిరి పీల్చడం, చెయ్యి ఎత్తడం, అలసిపోవడం, ఇదే పని. మొదట చెయ్యి బొడ్డుదాకా వచ్చింది. చాలా రోజులకు ఛాతీదాకా వచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం పప్పన్నం ముద్ద చేసి, అమ్మను తినిపించొద్దన్నాను. ఎదురుగా కూర్చుంది. గుండెల నిండా ఊపిరి పీల్చి చెయ్యి వంచాను. ముద్ద వణుకుతూ గడ్డందాకా వచ్చి ఆగింది. ఊపిరి వదిలితే చెయ్యి పడిపోతుందని బిగబట్టాను. అమ్మ వైపు చూస్తే ఆమె ముఖం ఎర్రబడింది, పెదవులు బిగిసి ఉన్నాయి.

"జల్ది తినరా," అంది పళ్ల సందునుంచి. "నాకు ఊపిరాడ్తలేదు."