కట్టినవాళ్ళే విప్పాలి

విప్పడానికి వీలుగా చేసిన వస్తువును ఇక విప్పకూడదని మనిషికి ఎప్పుడనిపిస్తుంది? ఆటముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి దిగడానికీ, మళ్ళీ ఊడి రావడానికే పుట్టాయి. అలాంటివాటికి గాజుపెట్టె చేయించి, తాళం వేసి, పక్కన ‘ముట్టుకోవద్దు’ అని చీటీ పెట్టేదాకా ఎలా వచ్చాం? ముక్కలత్త కథను ఎన్నిసార్లు నెమరేసుకున్నా ఈ ప్రశ్నకు మాత్రం జవాబు చిక్కదు. ఆవిణ్ణే అడిగుంటే ఒక్కమాటలో తేల్చేసేదేమో. తేల్చడమే తప్ప నాన్చడం ఆవిడకి రాదు.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలీదు. తమ్ముడి బొమ్మల షాపులో వెనకగది ఆవిడది. గది మధ్యలో పొడుగాటి బల్ల, గోడవారగా పదహారు డబ్బాలు, వాటినిండా ప్లాస్టిక్ ముక్కలు. బడి వదలగానే పిల్లలు బిలబిలమంటూ వచ్చిపడేవాళ్ళు. వాళ్ళు పెట్టిన పేరే ముక్కలత్త. పిల్లలు పెట్టిన పేరుతోనే వాళ్ళ తల్లులూ పిలిచారు, తల్లుల నోట విని తమ్ముడి భార్య కూడా ఒకసారి నోరు జారి పిలిచి నాలుక కరుచుకుంది.

ముక్కలకన్నా ముందు ఆవిడ చేతికి ఇనుము వచ్చింది. తండ్రి అదే షాపులో నట్లూ బోల్టులూ అమ్మేరోజుల్లో కొడుకు పుట్టినరోజుకి ఒక డబ్బా తెచ్చాడు. చిల్లులున్న ఇనపపట్టీలు, బుల్లి చక్రాలు, వేలెడంత స్క్రూడ్రైవరు. డబ్బా మూతమీద ఒక తండ్రి, ఇద్దరు మగపిల్లలు వంగి ఏదో బిగిస్తున్నారు, వెనకాల తల్లి ట్రే పట్టుకుని నవ్వుతోంది. తమ్ముడు రెండురోజులు తిప్పి చూసి, మూడోరోజు ఆ డబ్బాలో గోళీలు పోసుకున్నాడు. కిందపోసిన పట్టీలు అక్క ఏరుకుంది. వారం తిరక్కుండా షాపు తాళంకప్పను పైకెత్తే క్రేను తయారైంది. తండ్రి అది చూసి, ‘‘ఓరి నీ తెలివి తగలెయ్య!’’ అని కొడుకు భుజం చరిచాడు. కొడుకు కాదనలేదు.

అక్కకి అప్పుడు ఎనిమిదేళ్ళు. తండ్రి ముందు బాసింపట్టు వేసుక్కూచుని, క్రేనుకున్న నలభై బోల్టులూ వరసతప్పకుండా విప్పింది. ఏది చివర బిగించిందో అదే ముందు తీసింది. సగం విప్పేసరికి తండ్రి మొహంలో నవ్వు పోయింది. పూర్తిగా విప్పేసరికి, ‘‘నువ్వా అమ్మా కట్టింది?’’ అన్నాడు. కట్టినవాళ్ళకే విప్పడం తెలుస్తుందని ఆవిడకి ఆరోజే తెలిసింది.

తర్వాత ఇరవైరెండేళ్ళు ఒక ఇంజనీరింగు ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసినదాన్ని పల్చటి కాగితం మీద సిరాతో దించడం పని. ఎన్ని వంతెనలు ఆ చేతికింద సాగాయో! ఏ వంతెన ఎక్కడ నడుం వాలుస్తుందో, దానికి ఎక్కడ మూడుమూలల ఊతం ఇస్తారో గీసి గీసి వేళ్ళకే తెలిసిపోయింది. కంప్యూటర్లు వచ్చాక డ్రాయింగు బల్లలు తీసేశారు, బల్లలతోపాటు మనుషుల్నీ. అప్పటికి తమ్ముడు నట్లూ బోల్టులూ మానేసి బొమ్మల్లోకి దిగాడు. ‘‘ఇంట్లో కూచుని ఏం చేస్తావక్కా, రా’’ అన్నాడు. ‘‘వస్తా, వెనకగది నాకిచ్చెయ్’’ అంది.

ఆ గదిలో రెండే నియమాలు. ముక్కల్ని రంగును బట్టి కాదు, పట్టును బట్టి వేరు చెయ్యాలి. గట్టివి అడుగుకి, మామూలువి మధ్యకి. వాడివాడి వదులైనవి నీరసం డబ్బాలోకి. ‘‘ఒరేయ్, అది నీరసందిరా, పైన పెట్టు’’ అని ఆరేళ్ళవాళ్ళు కూడా ఒకళ్ళనొకళ్ళు గదమాయించుకునేవాళ్ళు. రెండో నియమం అట్టముక్క మీద రాసి గోడకి కొట్టింది: కట్టినవాళ్ళే విప్పాలి. ఎవరిదెంత అడ్డంగా ఉన్నా, కట్టినవాళ్ళు వచ్చేదాకా చెయ్యి వెయ్యకూడదు.

కాలం మారడం ఆవిడ డబ్బాల్లోంచే చూసింది. ముందు ముక్కలు విడిగా వచ్చేవి, దోసెడు పోసుకుంటే ఇల్లయినా అవుతుంది, ఏనుగైనా అవుతుంది. తర్వాత ఒక్కో పెట్టెకి ఒక్కటే బొమ్మ రావడం మొదలైంది. ఒక కారు ముక్కు ఆ కారుకి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. పిల్లలు బల్లముందు కూచుని, ‘‘బుక్కేదత్తా?’’ అనడం మొదలుపెట్టారు. ‘‘బుక్కు లేదు, బుర్రుంది’’ అనేది. ఒకబ్బాయి అరగంటసేపు ముక్కలకేసి చూస్తూ కూచుని, బుర్రలో ఏమీ లేదని చెప్పి ఇంటికెళ్ళిపోయాడు. ఆరోజు ఆవిడ టీ కూడా తాగలేదు.

ఆపైన నల్లపెట్టెలొచ్చాయి. వాటిమీద వయసు పద్దెనిమిది దాటాలని రాసుంది.

‘‘ఓటుకడిగారు, బండి నడపడానికడిగారు, ఇప్పుడు బొమ్మలాటకి కూడానా!’’ అని ముక్కలత్త పగలబడి నవ్వింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. షాపు ముందుభాగమంతా ఆ పెట్టెలకే ఇచ్చేశాడు. కొనేవాళ్ళు ఉద్యోగస్తులు, నెరిసిన గడ్డాలవాళ్ళు. కొందరు పెట్టె అసలు తెరవరు, తెరిస్తే విలువ పోతుందట. కొందరు పట్టకారుతో ముక్క పెట్టి, మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతారు. ఆదివారాల్లో ఒకచోట చేరి, ఏ రంగు ముక్క ఏ ఏడాదినుంచి ఆగిపోయిందో చెప్పుకుంటారు. ఆవిడకి వాళ్ళమీద కోపమేమీ లేదు. ‘‘చిన్నప్పుడు ఆడనివ్వలేదు పాపం, ఇప్పుడాడుకుంటున్నారు’’ అనేది. కాకపోతే వాళ్ళ ఆటలో ఆట ఎక్కడుందో కనపడేది కాదు.

ఆ పెద్దలందరికీ పెద్ద పళ్ళడాక్టరు. ఏడునెలలు కష్టపడి ఆరడుగుల వంతెన కట్టాడు. ఒక ఆదివారం పెద్దలందరి బొమ్మలూ షాపులోనే ప్రదర్శించాలనుకున్నారు. వంతెన ముందే తెచ్చి అద్దాలకిటికీలో పెట్టి, డాక్టరు పనిమీద వేరే ఊరెళ్ళాడు. పిల్లల బల్ల కూడా ప్రదర్శనకి కావాలన్నాడు తమ్ముడు. ముక్కలత్త ఒప్పుకుని, ఎవరివి వాళ్ళు విప్పెయ్యాలని పిల్లలకి చెప్పింది.

శుక్రవారం పొద్దున షట్టరు ఎత్తేసరికి వంతెన నడుం కుంగి ఉంది. రెండురోజులుగా కిటికీలోంచి ఎండ సూటిగా పడుతోంది. అడుగునున్న పొడుగాటి బూడిదరంగు ముక్కలు వంగి, పట్టు వదిలేస్తున్నాయి. తమ్ముడికి ముచ్చెమటలు పోశాయి. డాక్టరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

‘‘అక్కా, ఎలాగోలా నిలబెట్టవే. ఆయన చూస్తే నా పరువు పోతుంది.’’

‘‘కట్టినాయన లేడుగా. నేనెలా చెయ్యి పెడతాను?’’

‘‘ఆయనొచ్చేదాకా ఇది ఆగుతుందా? ఒకసారి చూడు!’’

వంగి చూసింది. ఇంకో గంటలో మధ్యభాగమంతా నేలమీదుంటుంది. తన నియమాన్ని తనే దాటి, మోకాళ్ళమీద కూచుని మూడుగంటలు పనిచేసింది. వంగిన పదకొండు ముక్కలూ తీసేసి, కిందనించి మూడుమూలల ఊతాలు కట్టింది. గట్టి ముక్కలు ఏ రంగులో దొరికితే ఆ రంగులో. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు. తీసిన పదకొండింటినీ లేస్తూ లేస్తూ నీరసం డబ్బాలో పడేసింది. ఏళ్ళ తరబడి పట్టు పోయిన ప్రతి ముక్కనీ అందులోనే పడేసిన చెయ్యి, ఇవి పరాయివని ఆగలేదు.

ఆ సాయంత్రం పిల్లలందరూ విప్పేశారు, వీధి మలుపులో ఇస్త్రీ చేసే ఆవిడ కూతురు తప్ప. ఆ పిల్ల మూడంతస్తుల మేడ కడుతోంది. ‘‘మెట్లు ఈరోజే పెడుతున్నానత్తా, సోమవారం విప్పేస్తా, ఒట్టు’’ అంది. నీరసం డబ్బాలోంచి పొడుగాటి బూడిదరంగు ముక్కలు ఏరుకుంది. ‘‘మెట్లమీద మనుషులు పోతూనే ఉంటారు కదా, ఆగరు. బరువుండదు’’ అని తనే వివరం చెప్పింది. ముక్కలత్తకి ముచ్చటేసింది. మేడను చెక్కపలక మీద మూలకి జరిపి, పిల్ల పేరు రాసి అంటించింది.

ఆదివారం ఇరవైమంది పెద్దలొచ్చారు. వంతెనను అప్పటికే ఎండ తగలని వెనకగదిలో బల్లమీదకి మార్చారు. డాక్టరు వంతెన చుట్టూ తిరిగాడు. మెడ పక్కకి వంచాడు. చతికిలబడి కింద ఫోన్ లైటు వేశాడు.

‘‘ఇదేంటి?’’

తమ్ముడు ప్రదర్శన కాగితాలు సర్దడంలో ఒళ్ళంతా మునిగిపోయాడు.

‘‘నేనే’’ అంది ముక్కలత్త. ‘‘కుంగిపోతుంటే, వంగిన పదకొండు ముక్కలూ తీసి ఊతం ఇచ్చాను.’’

‘‘పుస్తకంలో ఇది లేదండీ!’’

‘‘లేదు కాబట్టే కుంగింది.’’

ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు మొహం కందిపోయింది. ‘‘నాలుగువేల ముక్కలు మేడమ్. ఒక్కటీ తేడా లేకుండా పెట్టాను. పొద్దుట్నించీ ఎవరిదో ఒకరిది నోరు తెరిపించి, వాళ్ళ అరుపులు వింటూ ఉంటాను. రోజులో ఎవరూ అరవని గంట ఇదొక్కటే. మీరు దాన్ని కంగాళీ చేశారు. పైగా గోడమీద రాసింది మీరే, కట్టినవాళ్ళే విప్పాలని!’’

ఆ మాట సూటిగా తగిలింది. ముక్కలత్త తల ఊపింది. ‘‘అది నా తప్పే. మిమ్మల్ని అడక్కుండా చెయ్యి పెట్టాను. తప్పు తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ కంగాళీ అనకండి. వేలు పెట్టి నొక్కి చూడండి.’’

‘‘అయ్యో, నొక్కడమేంటండీ!’’

‘‘వంతెన కదండీ? మీదనించి ఏదైనా పోవాలిగా?’’

ఆయన ముట్టుకోలేదు. ఆవిడే అరచెయ్యి ఆనించి, భుజం బరువంతా వేసింది. వంతెన ఉలకలేదు, పలకలేదు.

‘‘సరే, నా పదకొండు ముక్కలు నాకివ్వండి’’ అన్నాడు డాక్టరు. ‘‘మళ్ళీ కట్టుకుంటాను.’’ చుట్టూ చూసిన చూపు మూలనున్న మేడమీద ఆగింది. ‘‘అవిగో! ఆ మెట్లు నావే.’’

మెట్ల కొసలన్నీ గోడల్లోకి దిగి ఉన్నాయి. ఒక్కటి లాగాలన్నా మూడంతస్తులూ విప్పాలి.

‘‘రేపు ఆ పిల్ల వస్తుంది’’ అంది ముక్కలత్త. ‘‘విప్పి, కడిగి, నేనే మీ ఇంటికి తెచ్చిస్తాను.’’

డాక్టరు ఏదో అనబోయేలోపే తమ్ముడు కాగితాలు పక్కన పడేసి వచ్చాడు. ‘‘రేపటిదాకా ఎందుకండీ, రెండు నిమిషాల పని’’ అంటూ మేడమీదకి చెయ్యి చాపాడు. ముక్కలత్త మధ్యలో నిలబడింది.

‘‘ముట్టుకోకు.’’

‘‘అక్కా, చిన్నపిల్లాట అది! మళ్ళీ కట్టుకుంటుంది.’’

‘‘ఈయన కూడా మళ్ళీ కట్టుకుంటానంటున్నాడుగా. ఈయనదైతే ఏడునెలల కష్టం, దానిదైతే ఆటా?’’

‘‘అందరిముందూ నా పరువు తియ్యకు.’’

‘‘శుక్రవారం నిలబెట్టమన్నదెవరో చెప్పు అందరిముందూ. అప్పుడు పరువు గురించి మాట్లాడుకుందాం.’’

డాక్టరు తమ్ముడికేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు. ‘‘ఫర్లేదులెండి, రేపే...’’ అని గొణిగాడు. కానీ తమ్ముడికి అప్పటికే పట్టుదల తలకెక్కింది.

‘‘షాపు నాది. ఇప్పుడు విప్పితే సరే. లేదంటే రేపట్నుంచి ఈ బల్ల ఉండదు. వెనకగదిలో కూడా పెట్టెలే పెట్టిస్తా. ఏదో ఒకటి తేల్చుకో.’’

ముక్కలత్త బల్లకేసి చూసింది. దాని అంచు పిల్లల మోచేతులకి అరిగి నున్నబడింది. పదహారు డబ్బాలకేసీ చూసింది. ఇప్పుడు ఆ పిల్ల మేడను విప్పనిస్తే బల్ల మిగులుతుంది. రేపు ఆ పిల్ల వచ్చి, తన పేరున్న ఖాళీపలక చూసి ఏమీ అనదు. ఇస్త్రీబట్టలు ఇంటింటికీ తిప్పే పిల్ల, ఏమీ అనకపోవడం దానికి ముందే అలవాటు. ఆ బల్లదగ్గరకూడా అదే నేర్చుకుని పోతుందంటే ముక్కలత్తకి ఒళ్ళు మండింది. అలాంటి బల్ల ఉంటేనేం, ఊడితేనేం?

‘‘బల్ల నీదే. ఉంచుకో’’ అంది.

చీరకొంగు నడుముకి బిగించి, చెక్కపలక కింద రెండుచేతులూ పెట్టి మేడను పైకెత్తింది. మూడో అంతస్తు ఒకసారి ఊగి సర్దుకుంది. డాక్టరు గభాల్న పక్కకి తప్పుకుని, దారిలో ఉన్న కుర్చీ కూడా లాగేశాడు. ‘‘జాగ్రత్తండీ, ఎడమవైపు వాలుతోంది’’ అన్నాడు. ఆవిడ మణికట్టు తిప్పి సరిచేసింది.

‘‘ఎక్కడికక్కా?’’ అన్నాడు తమ్ముడు, గొంతు దిగిపోయి.

‘‘తలుపు తియ్యి. చేతులు ఖాళీ లేవు.’’

తీశాడు. ఇన్నేళ్ళలో పక్కకొట్టుకి దారం కోసం వెళ్ళినా ‘వెళ్ళొస్తా’ అనకుండా ఆ గడప దాటిన మనిషి కాదు. ఆ మాట కోసం కాబోలు, తమ్ముడు తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆవిడ చూపంతా పై అంతస్తు మీదే ఉంది. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ వీధిలోకి దిగి, ఇస్త్రీ ఆవిడ కొట్టున్న మలుపుకేసి నడిచింది. వెనకనించి ఒక కారువాడు హారన్ మోగించాడు.

‘‘ఆగవయ్యా బాబూ’’ అంది తల తిప్పకుండా, ‘‘మేడ వెళ్తోంది, కనపడటం లేదూ?’’