అంటుకోవాల్సిన రేకు

వీరాయమ్మ చేతిలో పూతరేకు చిరగదని ఆత్రేయపురంలో చెప్పుకుంటారు. అబద్ధం. రోజుకు పది చిరుగుతాయి. ఆవిడ వాటిని తినేస్తుంది, అంతే.

ఆ శనివారం పొద్దున్నే మేనకోడలు సాయిదుర్గ ఆవిడను అమలాపురంలో తాను పరిశోధన చేసే కాలేజీకి తీసుకెళ్లింది. ఎండను కరెంటుగా మార్చే గాజుబిళ్లల తయారీ ఆ పిల్ల పని. గాజు మీద వెంట్రుకలో పదో వంతు మందాన తెల్లని పూత పరవాలి. పూతలోని కంటికి ఆనని రేణువులు బచ్చలిపళ్ల రంగు పీల్చుకుంటే, ఆ రంగు వెలుతురును పట్టుకుంటుంది. కానీ పూత ఆరేసరికి ఎండిన చేనులా బీటలు వారుతోంది. మిగిలినవి నాలుగు బిళ్లలు. ఇవీ పాడైతే ఈ అంశం వదిలేసి వేరేది చూసుకోమన్నారు గైడు వరప్రసాదం గారు.

వీరాయమ్మ తెల్లముద్దను వేలితో తీసి చూసింది.

“ఇదేంటే, దిబ్బరొట్టె పిండిలాగుంది. ఒకేసారి దట్టిస్తే పగలదా?”

“పల్చనైతే రంగు చాలదత్తా.”

“గుడ్డతో పల్చగానే నాలుగుసార్లు లాగు. ఒకటి ఆరాక ఇంకోటి.”

సాయిదుర్గ ముద్దను పల్చన చేసి, అటు తిరిగి బచ్చలిపళ్లు నలపసాగింది. వీరాయమ్మ తన సంచీ విప్పి, పంచెగుడ్డ తీసి ఆ పల్చటి ముద్దలో ముంచి, వేడి పలక మీదున్న రెండు బిళ్లల మీదా ఒక్కో లాగు లాగింది. పూత అద్దంలా పరుచుకుంది. ఆరగానే రెండు బిళ్లల మీదా అంచు లేచి, మొత్తం ఊడొచ్చింది.

“అత్తా, గాజుకి ఏం రాసేవు?”

“ఏం రాస్తాను, నూనె. లేకపోతే రేకెలా ఊడొస్తుందే?”

“ఊడి రాకూడదు. అంటుకోవాలి.”

“అంటుకోవాలా? ఆ మాట ముందే చెప్పొద్దూ? అంటించడం మా కోడలికీ వచ్చు, రోజూ కుండ మీద అదే చేస్తుంది.”

మిగిలిన రెండూ సబ్బుతో కడిగారు. వీరాయమ్మ చెయ్యి దానంతటదే నూనెగిన్నె కోసం తడిమింది. సాయిదుర్గ దాన్ని అప్పటికే దాచేసింది. ఒక్కో బిళ్లకు నాలుగేసి లాగులు. బీట లేదు. బిళ్లల్ని కొలిమిలో కాల్చి, రంగులో నానబెట్టి, అయోడిన్ చుక్కలేసి పైన మసి పట్టించిన మూతగాజు పెట్టి, మీటరు తగిలించి, మూడింటికి కిటికీ దగ్గర ఎండలో పెట్టారు. ఇన్నాళ్లూ ముప్పై మిల్లీవోల్టులు దాటని మీటరు మూడువందల తొంభైకి ఎక్కింది. వీరాయమ్మ బిళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది, అంకె పడిపోయింది. తీసింది, లేచింది. అలా ఓ పావుగంట ఆడింది.

వరప్రసాదం గారు వచ్చి మీటరు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. “మన పూర్వీకులకు ఈ నానో విజ్ఞానమంతా...”

“పూర్వీకులెవరూ లేరండి,” అంది వీరాయమ్మ. “ మా అత్తగారు నేర్పేరండి. పిండి చిక్కనైతే గరిటె తిరగేసేవారండి.”

ఆయన నవ్వేశారు. “సరేనమ్మా, అంశం మార్చక్కర్లేదు. కానీ మీ చేతికే వస్తే అది పరిశోధన కాదు. ఈ అమ్మాయికీ రావాలి.”

“ఆయ్, వస్తుందండి.”

ఆ సాయంత్రం సాయిదుర్గ మామూలు కిటికీ అద్దాల ముక్కల మీద పదిహేడు లాగులు లాగింది, పదిహేడుసార్లూ తిట్లు తింది. పద్దెనిమిదోదాన్ని వీరాయమ్మ వెలుతురుకి ఎత్తి చూసి, జాగ్రత్తగా పక్కన పెట్టింది. ఇంకో ముక్క అందించింది.