గుడారం గుమ్మానికి తడి పావడా

రంగూన్‌లో సర్కస్ చూశాక, ఆ గుర్రపు రాణి శ్రీకాకుళం మనిషేనని విని పలకరిద్దామని ఆమె గుడారానికి వెళ్ళాను. ఆమెకి పొద్దున చిమిండైంగ్ బజారులో గుర్రం మీద ఊరేగింపు, ఆపైన రెండు ఆటలు. ఒళ్ళు హూనమైపోయి ఉంది. అయినా లేచి, తన పావడా తడిపి గుమ్మం పైన తాడుకి ఆరేసింది.

పూలదండలు పట్టుకొచ్చిన బర్మా పెద్దమనుషులు దాన్ని చూసి అక్కణ్ణుంచే వెనుదిరిగారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను, లోపలికి అడుగు వేస్తూ.

"ఈ ఊరి మగోల్లు ఆడదాని బట్ట కిందనించి నడవరు బాబూ. ఇది కడితేనే నాకు కాసింత నిద్దర." కళ్ళు మూసుకుని చాప మీద వాలిపోయింది. "మనోల్లని ఆపడానికే ఏటి కట్టాలో తెలీదు."

గుమ్మంలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాను.