మా బావకి రుజువు కావాలి

మా బావ మనుషుల్ని నమ్ముతాడు గానీ, ఆ మనుషులు వాళ్ళేనని మాత్రం నమ్మడు. ఎదురుగా నిలబడి "నేనండీ" అన్నా సరే, "రుజువేంటి?" అంటాడు. మా అక్కని ఆయనకిచ్చి పాతికేళ్ళయింది. ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పన్నెండేళ్ళుగా ఆయనతో వేగుతున్నాను. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది.

ఒకసారి మా అక్క ఫోన్ చెడిపోయి, పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి ఆఫీసుకి చేసింది. కొత్త నంబరు కనబడగానే బావ స్పీకర్ ఆన్ చేశాడు. సాక్షులుండాలట.

"నేనేనండీ."

"నేనంటే?"

"మీ ఆవిణ్ణి."

"ఆ మాట ఎవరైనా అంటారు."

"ఎవరైనా అంటారా? ఎంతమంది అంటున్నారేంటి?"

ఆఫీసంతా పడీపడీ నవ్వింది. బావ మాత్రం చెక్కుచెదరకుండా, "పెళ్ళయిన కొత్తలో నేను నిన్నడిగిన మొదటి ప్రశ్న ఏమిటి?" అన్నాడు.

"నీ పేరు నిజంగా ఇదేనా అని! ఆ రోజే మా నాన్నకి చెప్పాల్సింది. వచ్చేటప్పుడు తలనొప్పి మాత్రలు తీసుకురండి. నాకే!"

"ఆవిడే" అన్నాడు బావ, తృప్తిగా.

ఇంటికి పార్సిల్ వస్తే ఆ సంబరం వేరు. దాని మీద అతికించిన పేరూ చిరునామా కాగితం ఊడదీసి, గోరంత ముక్కలు చేసి, సగం వంటింటి చెత్తబుట్టలో, సగం వీధి చివరి డబ్బాలో వేస్తాడు. "ఎవడైనా రెండుచోట్లా ఏరుకుని అతికించుకుంటేనో?" అన్నాను ఓసారి సరదాగా. ఆ రోజు నుంచి మూడుచోట్ల వేస్తున్నాడు. మా అక్క నాతో నెలరోజులు మాట్లాడలేదు.

మేం పనిచేసేది నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో. డబ్బు విషయమై ఎవరు ఫోన్ చేసినా ముందొక ప్రశ్న వెయ్యాలనీ, జవాబు సరిగ్గా చెబితేనే మాట్లాడాలనీ బావ అందరికీ నూరిపోశాడు. తలా ఒక ప్రశ్న పంచిపెట్టాడు కూడా. ఈ తతంగం చూసి అందరికన్నా ఎక్కువ నవ్వేది క్యాషియరమ్మ. ముప్పై ఏళ్ళ సర్వీసు, ఒక్క తప్పు లేదు, ఇంకో మూడు నెలల్లో రిటైరవుతుంది.

"ఈయన పొద్దున్నే అద్దం ముందు నిలబడి తననే గుర్తింపు కార్డు అడుగుతాడు" అనేదావిడ.

"అక్కర్లేదండీ. ఆ అద్దం కొన్న రసీదు నా దగ్గరుంది" అనేవాడు బావ, ఏమాత్రం నవ్వకుండా.

ఆవిడకిచ్చిన ప్రశ్న, "మా కంపెనీ ఏ తేదీన మొదలైంది?"

జీతాల ముందు రోజు మధ్యాహ్నం ఆవిడకి ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచట. వివరాలు సరిచూడకపోతే సాయంత్రానికల్లా కంపెనీ ఖాతా ఆగిపోతుందనీ, రేపు ఎవరికీ జీతాలు పడవనీ అన్నాడు అవతలివాడు. ఆవిడ పూర్తి పేరూ, పుట్టినతేదీ గడగడా చదివాడు. అయినా ఆవిడ బావ నేర్పిన ప్రశ్న వేసింది. వాడు తడుముకోకుండా తేదీ చెప్పాడు. ఇంకేం, పూర్తిగా నమ్మేసింది. వాడు పంపిన పేజీలో పాస్‌వర్డ్ కొట్టింది, ఓటీపీ చదివి వినిపించింది.

రెండు నిమిషాల్లో మెసేజీ వచ్చింది. అందరి జీతాల డబ్బూ ఎక్కడో ముక్కూమొహం తెలియని ఖాతాలోకి వెళ్ళిపోయింది. ఆవిడ బావ బల్ల దగ్గరికొచ్చి ఫోన్ చాపింది.

బావ ఒక్క ప్రశ్న అడగలేదు. పాసుపుస్తకం తీసి, దాని మీదున్న బ్యాంకు నంబరుకి ఫోన్ కలిపాడు. ఆ ఖాతా మీద ఆయన పేరు కూడా ఉంది.

"ముందు మీరెవరో నిర్ధారించుకోవాలండీ. మీ అమ్మగారి పుట్టింటి పేరు?"

చెప్పాడు.

"మీ పుట్టినతేదీ?"

చెప్పాడు.

"చివరిసారి మీరు మా బ్రాంచికి..."

"అబ్బ, నమ్మవయ్యా బాబూ! మనిషి మాట నమ్మడం నేర్చుకో!" అని అరిచాడు మా బావ. నేను కుర్చీలోంచి పడబోయాను.

అదృష్టం బాగుండి, దొంగలు తీసుకునేలోపే డబ్బు ఆగింది. కానీ వెనక్కి రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా జీతాల్లేవు. యజమాని అందర్నీ తన గదిలోకి పిలిచి ఒంటికాలి మీద లేచాడు.

"ఆ ఓటీపీ నంబరు చెప్పిందెవరు? ఎవరైతే వాళ్ళు ఇంటికే!"

క్యాషియరమ్మ రుమాలు నలుపుతూ నోరు తెరిచింది.

"నేనేనండీ" అన్నాడు బావ.

"నువ్వా?" యజమాని ఆయన్ని ఎగాదిగా చూశాడు. "రుజువేంటి?"

బావ బిత్తరపోయాడు. ఆ ప్రశ్న ఆయన్ని అడిగినవాళ్ళు అంతవరకూ లేరు.

"ఓటీపీ వచ్చింది క్యాషియరమ్మ ఫోన్‌కి కదా?"

"బల్ల మీదుంటే నేనే ఎత్తానండీ."

"మొన్నామధ్య జ్వరమొచ్చి బొంగురుగొంతుతో నేను ఫోన్ చేస్తే, నేను నేనేనా అని అరగంట ప్రాణం తోడేశావు. దారినపోయేవాడికి నంబరు చదివి వినిపించావా?"

"చాలా మర్యాదగా అడిగాడండీ. మీలా అరవలేదు."

యజమాని తల పట్టుకున్నాడు. "రేపు బ్యాంకు వాళ్ళొచ్చి అందరికీ జాగ్రత్తలు చెబుతారట. అదయ్యాక నీ సంగతి తేలుస్తాను."

మెట్ల మీద పట్టుకున్నాను. "మతిపోయిందా బావా? ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడితే ఊడనీరా. ఆవిడకి ఆ ప్రశ్న ఇచ్చిందెవరు? నేను! మన ప్రతి బిల్లు మీదా అచ్చేసి ఉంది ఆ తేదీ. దొంగవెధవ బిల్లు చూసి చెప్పాడు. ముప్పై ఏళ్ళు చేసిన మనిషి చప్పట్ల మధ్య వెళ్ళాలి గానీ, నా తెలివితక్కువకి తలొంచుకుని పోవాలా?"

నాకు ఆయన మీద కోపం రావాలి. ముద్దొచ్చాడు.

మర్నాడు బ్యాంకాయన వచ్చాడు. బావ ఆయన కార్డు మూడుసార్లు తిప్పి చూసి, బ్రాంచికి ఫోన్ చేసి కనుక్కుని గానీ లోపలికి రానివ్వలేదు. ఆయన నొచ్చుకోకపోగా సంబరపడ్డాడు.

"ఇలాగే చెయ్యాలండీ! ఫోన్‌లో ప్రశ్నలడిగి లాభం లేదు. దొంగ జవాబులు చదువుకునే వస్తాడు. ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న నంబరుకి మీరే తిరిగి చెయ్యండి" అన్నాడు. బావ బుద్ధిగా రాసుకున్నాడు. తర్వాత బ్యాంకాయన, "ఇక్కడ ఎవరైనా ఇలా మోసపోయారా? సిగ్గుపడకుండా చెయ్యెత్తండి" అన్నాడు.

బావ చెయ్యి లేచింది. కాసేపు ఆ ఒక్క చెయ్యే గాల్లో ఉంది. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

క్యాషియరమ్మ లేచి నిలబడింది. "ఆయన కాదండీ. నంబరు చెప్పింది నేను" అని చెయ్యెత్తింది.

యజమాని ఆవిడ వైపు చూశాడు. బావ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత పైకప్పు చూస్తూ, మెల్లగా, తన కుడిచెయ్యి ఎత్తాడు.

"పోయినేడు... లాటరీ తగిలిందన్నారు. మా ఇంట్లో తెలీదు. చెప్పకండి. మీరు కూర్చోండమ్మా, ఈ మూడు నెలలూ మీరు లేకపోతే నాకు కుదరదు."

ఆ తర్వాత గోడౌను ఆయన చెయ్యి లేచింది. డ్రైవరుది లేచింది. సగం ధరకి ఫోన్ ఇస్తామంటే డబ్బు కట్టి, సబ్బుబిళ్ళ అందుకున్న నాది కూడా లేచింది.

బావ గిరుక్కున తిరిగాడు. "నువ్వు కూడానా? నాకెందుకు చెప్పలేదురా?"

"నవ్వుతావని."

"పిచ్చివాడా" అన్నాడు, అంతే.

లెక్కపెట్టాను. మొత్తం పదకొండు చేతులు. వాటిలో అబద్ధమాడుతున్నది ఒక్క మా బావ చెయ్యే. అందరూ దించేసినా ఆయన ఇంకా ఎత్తే ఉంచాడు.